తూకాలాయన పోగేసిన రాత్రులు

గురువారం మధ్యాహ్నం తూకాలాయన తన ఊళ్ళోనే, తన ఇంటికి నలభై నిమిషాల దూరంలో, ఎయిర్‌పోర్టు పక్కనున్న హోటల్లో, నాలుగో అంతస్తు గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. భార్యకు మాత్రం ఏడు వందల కిలోమీటర్ల అవతల మందుల ఫ్యాక్టరీలో ఉన్నానని చెప్పాడు. అపార్థం చేసుకోకండి. గదిలో ఇంకెవరూ లేరు. ఆయన, ఆయన చెక్కపెట్టె, రెండు నీళ్ళ సీసాలు, గోడకు ఆనించిన ఇస్త్రీ బల్ల, అంతే. అలాంటి వేషాలకు కావలసిన తెలివితేటలు ఆ మనిషికి దేవుడు ఇవ్వలేదు.

తూకాలాయన అని ఆఫీసులో పెట్టిన పేరు. ఫ్యాక్టరీల్లోనూ ఆస్పత్రుల్లోనూ ఉండే తూనిక యంత్రాలు సరిగ్గా తూస్తున్నాయో లేదో చూసి, సీలు వేసి రావడం ఆయన ఉద్యోగం. చెక్కపెట్టెలో, మెత్తని గుంటల్లో, ఒక గ్రాము నుంచి ఐదు కిలోల దాకా తూకపు రాళ్ళుంటాయి. వాటిని వట్టి చేత్తో ముట్టుకోడు. చేతి జిడ్డు అంటితే బరువు మారుతుందని గ్లవ్స్ వేసుకుంటాడు, చిన్నవాటిని పట్టకారుతో తీస్తాడు. యంత్రం పళ్ళెం మీద నాలుగు మూలలా ఒక్కొక్కసారి, నడుమ ఒకసారి రాయి పెట్టి చూస్తాడు. ఐదు చోట్లా ఒకే అంకె వస్తేనే సీలు. ఎంత పెద్ద మేనేజరు వచ్చి భుజం మీద చెయ్యేసి "కొంచెం తేడాయే కదా, కానిచ్చేయండి సార్" అన్నా, ఆయన కలం కదలదు. మనిషి మెత్తన, పని మాత్రం ఉక్కు.

రెండో పేరు బావమరిది పెట్టాడు. పాయింట్ల బావ. ఈ కథంతా ఆ రెండో పేరుది.

పద్నాలుగేళ్ళ కిందట, టూర్లు మొదలైన కొత్తలో, ఒక హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వుతూ ఒక కార్డు చేతిలో పెట్టింది. ఇక్కడ పడుకున్న ప్రతి రాత్రికీ పాయింట్లు వస్తాయి సార్, కూడబెట్టుకుంటే తర్వాత ఊరికే ఉండొచ్చు అంది. జీతం ఆఫీసు ఇస్తోంది, గది అద్దె ఆఫీసు కడుతోంది, పైన ఈ పాయింట్లు ఎవరి సొమ్మూ కాకుండా తన ఖాతాలో పడుతున్నాయి. తూకాలాయనకు అది ఆకాశం నుంచి ఊడిపడ్డ వరంలా కనిపించింది. ఇంటికొచ్చి భార్యతో, "చూస్తూ ఉండు, నిన్ను సముద్రం ఎదురుగా ఉన్న హోటల్లో వారం రోజులు కూర్చోబెడతాను," అన్నాడు.

ఆవిడ ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. రోజుకు మూడు వందల దుప్పట్లు ఆవిడ చేతుల మీదుగా మడతలు పడతాయి. అప్పుడు ఆవిడ అడిగింది ఒక్కటే. "సముద్రం సంగతి తర్వాత. వేరేవాళ్ళు పరిచిన పక్క మీద నేను పడుకోవాలి. పొద్దున్నే లేచి ఆ దుప్పటి దులపకుండా, మడవకుండా, అలాగే వదిలేసి బయటికి నడవాలి. వారం రోజులు. అయ్యే పనేనా?" అయ్యే పనే అన్నాడాయన. ఆ మాటే ఆయన్ని పద్నాలుగేళ్ళు పరుగులు పెట్టించింది.

పాయింట్ల పిచ్చి పట్టినవాళ్ళను మీరు చూసే ఉంటారు. నేరుగా వెళ్ళే విమానం ఉన్నా, రెండు చోట్ల దిగి ఎక్కే విమానం ఎక్కుతారు, మైళ్ళు, అంటే విమానం కంపెనీ ఇచ్చే పాయింట్లు, ఎక్కువొస్తాయని. ఫ్యాక్టరీ గేటు ఎదురుగానే మంచి లాడ్జి ఉన్నా, ఊరవతల కార్డు చెల్లే హోటల్‌కే పోతారు. మనవాడు అక్కడితో ఆగలేదు. కొత్త సభ్యుణ్ణి చేర్పిస్తే ఐదు వందల పాయింట్లని తెలిసి భార్యను, కూతుర్ని, బావమరిదిని, చివరికి అత్తగారిని కూడా చేర్పించాడు. జన్మలో ఊరి పొలిమేర దాటని ఆ పెద్దావిడకు ప్రతి నెలా "మా హోటళ్ళు మీకోసం ఎదురుచూస్తున్నాయి" అని మెసేజ్ వస్తుంది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివి, "పాపం, ఎదురుచూస్తున్నార్రా," అని కొడుకుతో చెబుతుంది.

నాలుగేళ్ళ కిందట ఒకసారి దెబ్బ తగిలింది. విమానం కంపెనీ ఉన్నట్టుండి మైళ్ళ లెక్క మార్చేసింది. ఇద్దరికి రానూపోనూ టికెట్లు వస్తాయనుకున్న మైళ్ళకు ఒకరికి పోవడానికి మాత్రమే వచ్చేట్టయింది. మళ్ళీ పోగేద్దామంటే నెలాఖరుకు అవి మురిగిపోతాయన్నారు. తూకాలాయన ఉక్రోషంతో వాటికి బదులు ఒక కరెంటు కెటిల్ తెప్పించాడు. ఆయన భార్య దానికి విమానం అని పేరు పెట్టింది. "విమానంలో నీళ్ళు పెట్టండి, టీ తాగుదాం," అంటుంది. ఆయన నవ్వడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయనకు లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది.

అయినా హోటల్ పాయింట్లు పదిలంగా ఉన్నాయి. లక్షా తొంభై వేలు. సముద్రం ఎదురుగా ఉన్న హోటల్లో రాత్రికి ముప్పై వేలు. ఏడు రాత్రులకు రెండు లక్షల పదివేలు కావాలి, ఇరవై వేలు తక్కువ. కానీ ఏడాదిలో యాభై రాత్రులు గడిపినవాళ్ళకు బంగారు కార్డు ఇస్తారు, ఆ కార్డుంటే ఆరు రాత్రులకు ఏడోది ఉచితం. అప్పుడు లక్షా ఎనభై వేలతో సరిపోతుంది. ఆయనకు ఈ ఏడాది నలభై ఎనిమిది రాత్రులయ్యాయి. ఆవిడ ఉద్యోగంలో చేరాక మొదటిసారి పది రోజుల సెలవు పెట్టింది, సోమవారం నుంచి. ఆయనా పెట్టాడు. ఇద్దరికీ బస్సు టికెట్లు కూడా తీసి ఉంచాడు. మందుల ఫ్యాక్టరీ పని బుధవారం మధ్యాహ్నానికే అయిపోయింది. సాయంత్రానికి ఇంటికి చేరొచ్చు. కానీ రెండు రాత్రులు తక్కువ.

అందుకని విమానం దిగి, ఇంటివైపు వెళ్ళే బస్సును కళ్ళారా చూస్తూ, ఎదురుగా ఉన్న హోటల్లోకి వెళ్ళి సొంత డబ్బుతో రెండు రాత్రులకు గది తీసుకున్నాడు. ఇలాంటి పని పాయింట్లవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. చేసి, అది మహా తెలివైన పని అనుకునేదీ వాళ్ళే.

బుధవారం రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. ఊళ్ళో ఉండి ఊళ్ళో లేనట్టు నటించడం ఆయనకు చేతకాదు. గురువారం పొద్దున టిఫిన్‌కు కిందికి దిగి, తెలిసిన మొహం ఏదైనా కనిపిస్తుందేమోనని తలుపు దగ్గరే ఆగి చూసి, తినకుండానే పైకొచ్చేశాడు. కిటికీలోంచి చూస్తే తమ ఇంటివైపు పోయే సిటీ బస్సు వెళుతోంది. పరదా లాగేశాడు. టీవీ పెట్టాడు, ఆపాడు. కూర్చున్నాడు, లేచాడు. శుక్రవారం పొద్దున గది ఖాళీ చేయగానే యాభై పూర్తవుతాయి, ఆ నిమిషంలోనే బుక్ చేయాలి. ఆ హోటల్లో సోమవారం నుంచి గదులున్నాయో లేదోనని పది నిమిషాలకోసారి ఫోన్ తీసి చూసుకుంటున్నాడు. ఉన్నాయి. మళ్ళీ చూశాడు. ఉన్నాయి.

మధ్యాహ్నం రెండింటికి చూస్తే గదులున్నాయి కానీ, ముప్పై వేలు అని ఉండాల్సిన చోట డెబ్బై వేలు అని ఉంది.

ముందు తన కళ్ళనే అనుమానించాడు. తర్వాత ఫోన్‌ని. ఆపేసి పెట్టాడు. డెబ్బై వేలే. పైన రంగురంగుల పట్టీ ఒకటి వెలిగింది. "శుభవార్త! మీ కోసం మా పథకాన్ని మరింత మెరుగుపరిచాం." ఇక నుంచి గదికి స్థిరమైన పాయింట్లు ఉండవట, గిరాకీని బట్టి మారుతుంటాయట. ఎంత మారుతాయో ముందుగా చెప్పరట. లక్షా తొంభై వేలకు రెండు రాత్రులు. ఆరు రాత్రులకు గతి లేనివాడికి ఏడోది ఉచితం అయితేనేం, కాకపోతేనేం. నిన్న సాయంత్రమే బుక్ చేసి ఉంటే ఏడుకు ఆరు రాత్రులైనా దక్కేవి. ఇంకో రాత్రికి ఆశపడి కూర్చున్నాడు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాడు. ఇరవై నిమిషాలు పాట వినిపించాక ఒకమ్మాయి పలికింది.

"నమస్తే సార్. పద్నాలుగేళ్ళుగా మాతో ఉన్నారు. మీ విధేయతకు ధన్యవాదాలు."

"అమ్మా, నిన్న ముప్పై వేలున్న గది ఇవాళ డెబ్బై వేలు ఎలా అయింది? గదేమైనా పెరిగిందా?"

"లేదు సార్, సభ్యులకు మరింత వెసులుబాటు కోసం..."

"ఎవరికి వెసులుబాటు?"

"సభ్యులకు సార్."

"చూడమ్మా, నాది తూకాలు సరిచూసే ఉద్యోగం. నేను నీ దగ్గర ఒక కిలో రాయి దాచుకున్నాను. పద్నాలుగేళ్ళు. ఇవాళ అడిగితే నువ్వు నాలుగు వందల పాతిక గ్రాములు చేతిలో పెట్టి, ఇదే కిలో అంటున్నావు. నా పనిలో ఎవడైనా ఇలా చేస్తే యంత్రానికి తాళం వేసి వస్తాను. మీకెవరు తాళం వేస్తారు?"

"మీ అభిప్రాయం నోట్ చేసుకున్నాను సార్." తర్వాత గొంతు తగ్గించి, "ఏమీ అనుకోకండి సార్, పొద్దుట్నుంచి ఇవే ఫోన్లు. మా నాన్నగారి పాయింట్లు కూడా ఇలాగే పోయాయి," అంది.

ఆ మాటతో ఆయన కోపం కూడా చేతిలోంచి జారిపోయింది. ఆ పిల్లనేం అంటాడు? ఫోన్ పెట్టేసి మంచం చివర కూర్చున్నాడు. ఆవిడకేం చెప్పాలి? సెలవు పెట్టేసింది. లాండ్రీలో అందరికీ చెప్పుకుంది. పెట్టె కూడా సర్దేసి ఉంటుంది.

మూడింటికి ఆవిడే ఫోన్ చేసింది.

"ఏమండీ, ఎక్కడున్నారు?"

"ఫ్యాక్టరీలోనే. ఇక్కడ సిగ్నల్ సరిగ్గా లేదు."

"మెషిన్ల చప్పుడేం లేదే?"

"భోజనాల టైము కదా, ఆపారు."

"మూడింటికా?"

"అంటే... షిఫ్టు మారింది."

"సరే," అని ఆవిడ పెట్టేసింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ సరేలో ఎన్ని రకాలున్నాయో ఆయనకు తెలుసు. ఇది ఎప్పుడూ విననిది.

ఐదింటికి తలుపు దబదబమంది. తీస్తే ఎదురుగా ఆవిడ. లాండ్రీ నీలం కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. ఏమీ మాట్లాడకుండా ఆయన్ని పక్కకు నెట్టి లోపలికొచ్చింది. బాత్రూం తలుపు తీసి చూసింది. బీరువా తీసింది. పరదా లాగింది. చివరికి వంగి మంచం కింద కూడా చూసింది. లేచి నడుము పట్టుకుని నిలబడింది.

"ఎవరూ లేరా?"

"ఎవరుంటారే?"

ఆవిడ ఫోన్ తీసి ఆయన మొహం ముందు పెట్టింది. "మీ కుటుంబ సభ్యుడు మా ఎయిర్‌పోర్టు హోటల్లో బస చేస్తున్నందుకు సంతోషం," అని మెసేజ్. కింద హోటల్ పేరు, ఊరి పేరు, రెండు రాత్రులు అని లెక్క. ఐదు వందల పాయింట్ల కక్కుర్తితో ఆయనే చేర్పించిన ఖాతా అది.

"రెండు బస్సులు మారి వచ్చాను," అంది ఆవిడ. "దారి పొడుగునా ఏమేం తిట్టాలో అన్నీ వరస పెట్టుకుని వచ్చాను. జుట్టు పట్టుకుని ఈడ్చి నాలుగు తగిలిద్దామనుకున్నాను. ఇప్పుడు ఎవర్ని తిట్టను? ఈ ఇస్త్రీ బల్లనా?"

అప్పుడాయన అంతా చెప్పాడు. యాభై రాత్రులు, బంగారు కార్డు, ఏడో రాత్రి, డెబ్బై వేలు. ఆవిడ వింటూ, అలవాటు కొద్దీ మంచం మీద దుప్పటి మూల సరిచేస్తూ కూర్చుంది. అంతా విన్నాక, ఆశ్చర్యం, ఆవిడ మొహం తేటపడింది.

"ఓస్, ఇంతేనా! ప్రాణం పోయిందనుకోండి బస్సులో. పోతే పోయాయి వెధవ పాయింట్లు. రెండు రాత్రులొస్తాయిగా, ఆ రెండే ఉందాం. మిగతాది ఇంట్లో పడుకుంటాను. ఎందుకంత మొహం వేలాడేసుకుంటారు?"

ఆయన ఇక్కడ ఊరుకుని ఉంటే కథ సుఖంగా ముగిసేది. ఊరుకోలేదు. ఆవిడ అంత తేలిగ్గా తీసిపారేయడం ఆయనకు బాధనిపించింది. తానెంత కష్టపడ్డాడో ఆవిడకు తెలియాలనిపించింది. పెట్టె తెరిచి, తూకపు రాళ్ళ కింద దాచుకున్న నోటుబుక్కు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. "ఇదిగో, చూడు. పద్నాలుగేళ్ళది. ఒక్క రాత్రి కూడా వదల్లేదు."

నిజంగానే వదల్లేదు. తేదీ, ఊరు, హోటల్, వచ్చిన పాయింట్లు, చివర గడిలో కారణం. అలవాటైన గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. కారణం గడిలో దాదాపు అంతటా "పని" అని ఉంది. అక్కడక్కడ మాత్రం "పా" అని.

"పా అంటే?"

తూకాలాయన ఎంతైనా తప్పుడు అంకె మీద జన్మలో సీలు వేయని మనిషి. అబద్ధం చెప్పలేక చెప్పలేక నిన్నటి నుంచే అలిసిపోయి ఉన్నాడు. "పాయింట్లు," అన్నాడు.

"అంటే పని అయిపోయి కూడా..."

"ఇంకో రాత్రి ఉంటే పాయింట్లు రెట్టింపు అనేవాళ్ళు. ఒక్కోసారి కార్డు నిలబెట్టుకోవడానికి."

ఆవిడ పేజీలు తిప్పుతోంది. మొదట గబగబా, తర్వాత మెల్లగా. ఒకచోట వేలు ఆగింది.

"ఇది మన పైపు పగిలిన రోజు," అంది. "పొద్దున్నే పిల్లకు పరీక్ష. ఇల్లంతా మోకాలెత్తు నీళ్ళు. నేనూ అదీ తెల్లారేదాకా బకెట్లతో తోడాం. మీకు ఫోన్ చేస్తే ఏమన్నారో గుర్తుందా? ఫ్లైట్ లేదన్నారు."

ఆ తేదీ ఎదురుగా చివరి గడిలో "పా" అని ఉంది. ఆయన తల వంచుకున్నాడు.

"మొత్తం ఎన్ని?"

"నూట పదమూడు."

లెక్కపెట్టాల్సిన పని కూడా లేకుండా చెప్పాడు. అదే ఆవిడను ఎక్కువ కొట్టినట్టుంది. కాసేపు కిటికీవైపు చూస్తూ కూర్చుంది. కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు వాటంతటవే కారాయి.

"నాకోసమేగా పోగేశారు," అంది చివరికి. "నాకోసం, నా దగ్గర్నుంచే తీసి."

ఇద్దరూ ఒకే బస్సులో ఇంటికొచ్చారు, వేర్వేరు సీట్లలో. ఆ రెండో రాత్రి ఆ గదిలో ఎవరూ పడుకోలేదు. యాభైవ రాత్రి మాత్రం శుక్రవారం ఆయన ఖాతాలో జమయింది. బంగారు కార్డు వచ్చినట్టు మెసేజ్ కూడా వచ్చింది. ఆయన దాన్ని తెరవలేదు.

సోమవారం పొద్దున ఆవిడ పెట్టె తీసి హాల్లో పెట్టింది. ఆయనా తన పెట్టె తెచ్చి పక్కన పెట్టబోయాడు.

"మీరెక్కడికి?" అంది. "నేనూ, ఇస్త్రీ సెక్షన్ అక్కా వెళ్తున్నాం. బస్టాండ్ దగ్గర లాడ్జి చూసుకున్నాం. నా జీతం డబ్బులే. మీ టికెట్టు అక్కకిచ్చేశాను."

"మరి నేను?"

"ఎలాగూ సెలవు పెట్టారుగా. ఇంట్లో ఉండండి. పది రోజులు. ఒక్కరే." గొంతులో కోపం లేదు, అదే ఆయన్ని భయపెట్టింది. "బియ్యం డబ్బాలో ఉన్నాయి. నీళ్ళు ఆరింటికొస్తాయి. పంపు ఆన్ చేయడం మర్చిపోతే రోజంతా ఉండవు."

తూకాలాయన పద్నాలుగేళ్ళలో తన ఇంట్లో వరసగా పది రోజులు ఉన్నది లేదు. మొదటిరోజు బాగానే గడిచింది. రెండోరోజు నీళ్ళు మర్చిపోయాడు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వీధి తలుపు దగ్గరికి, మళ్ళీ హాల్లోకి. సాయంత్రం ఆరు దాటితే ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆయనకు తెలియదు. కూతురికి హాస్టల్‌కు ఫోన్ చేస్తే, "క్లాసుంది నాన్నా, రేపు చేస్తా," అంది. మరుసటి రోజు చేయలేదు. బావమరిది వస్తానని రాలేదు. రాత్రి పక్క దిండు మీద చెయ్యి పడి, ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ఆవిడ ఇలా ఎన్నిసార్లు కూర్చుని ఉంటుందో అనిపించింది. ఆ ఆలోచన వచ్చాక ఇక తెల్లవార్లూ కునుకు పట్టలేదు.

శుక్రవారం సాయంత్రం ఉండబట్టలేక ఫోన్ చేశాడు. వెనక గాలి హోరు, ఎవరిదో నవ్వు. ఆవిడ గొంతు హుషారుగా ఉంది.

"ఎలా ఉన్నారు? తిన్నారా?"

"తిన్నాను. ఇదిగో, రాత్రి బస్సుంది. నేను కూడా రానా?"

గాలి చప్పుడు మాత్రం వినిపించింది.

"ఎన్ని రాత్రులైందండీ, నేను వచ్చి?"

ఆయనకు వేళ్ళు మడవాల్సిన పని లేదు. "నాలుగు."

"నాలుగేగా," అంది ఆవిడ. అక్క పిలుస్తోందని చెప్పి ఫోన్ పెట్టేసింది.